బాగేపల్లి గుట్టల చిత్రకారిణి కోసం ఒక రోజంతా

ఎనభైల మొదట్లో నేను హిందూపురంలో డ్రాయింగ్ టీచర్ని. పిల్లల చేత రోజంతా కుండలూ మామిడికాయలూ గీయించి ఇంటికొచ్చాక, నా బొమ్మ నేను వేసుకునే ఓపిక మిగిలేది కాదు. ఇక మానేద్దామనే అనుకున్నాను. అప్పుడే ఒక స్నేహితురాలు మార్తా అనే అమెరికన్ చిత్రకారిణి గురించి చెప్పింది. బాగేపల్లిలో గది అద్దెకు తీసుకుని, ఏళ్ల తరబడి అక్కడి గుట్టలనే వేస్తోందట. కొనేవాళ్లు లేకపోయినా, డెబ్భై దగ్గరపడుతున్నా, ఆపలేదట. ఆమెను ఒక్కసారి చూడాలనిపించి, వేసవి సెలవుల్లో ఒక ఉదయం బస్సెక్కాను.

లేపాక్షి, కొడికొండ మీదుగా బాగేపల్లి పెద్ద దూరమేమీ కాదు, టికెట్టు కూడా కొద్ది రూపాయలే. కానీ దారంతా నిలబడే వెళ్లాల్సి వచ్చింది. మార్తా గది ఒక బట్టల కొట్టు మేడమీద. కొట్టాయన కొలుస్తున్న గుడ్డ పక్కనపెట్టి, "ఆయమ్మ ఈడ లేదమ్మా. కన్ను మసకైందని చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పొయ్యింది. నువ్వు యాడనుంచి వస్తాండావు?" అన్నాడు. హిందూపురం అని చెప్తే, "ఇంత ఎండలోనా! మజ్జిగన్నా తాగి పో తల్లీ" అని లోపలికి కేకేశాడు.

చిక్కబళ్ళాపురం బస్సు పేరేసంద్రలో ఇంజను వేడెక్కి ఆగిపోయింది. అందరం దిగి ఒక టీకొట్టు నీడలో కూలబడ్డాం. నీళ్లు పోస్తున్న డ్రైవరును మార్తా గురించి అడిగితే, ఎదురుగా ఉన్న రాతిగుట్ట చూపించాడు. "దాని కిందనే కూచోనుండేదమ్మా ఆ దొరసాని. హారన్ కొడితే చెయ్యూపేది. తల మాత్రం తిప్పేది కాదు." నేనూ ఆ గుట్టను కాసేపు చూశాను. ఎండకు కళ్లు నొప్పెట్టాయి తప్ప నాకేమీ తోచలేదు.

బండి మళ్లీ కదిలి చిక్కబళ్ళాపురం చేరితే, ఆస్పత్రిలోనూ ఆమె లేదు. ఆపరేషన్ అయ్యాక, పక్క మంచంలో ఉన్న రంగమ్మ అనే ఆవిడ తనతోపాటు చింతామణికి తీసుకెళ్లిందని ఆయా చెప్పింది. తిరిగి ఇంటికి పోదామా అని మెట్లమీద కూర్చున్నాను. కాళ్లు వాచాయి. చివరికి శిడ్లఘట్ట మీదుగా వెళ్లే బస్సు కనిపిస్తే ఎక్కేశాను.

రంగమ్మ వాళ్లది చింతామణి బజారులో పప్పుల వ్యాపారం. నల్లద్దాలతో ఆమే తలుపు తీసింది. "పాపం, ఆయమ్మకు ఈడ ఎవురుండారు? మావోళ్లు నాకు వండినట్లే ఆమెకూ ఇంత వండుతాండారు" అంటూ పక్క గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ మార్తా కంటికి కట్టుతో కూర్చుని ఉంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఈ రెండోదానికి చూపు వస్తుందో రాదో కట్టు విప్పితేగాని తెలియదు.

ఆమె తన సంగతులు ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. తండ్రి గోధుమ గిడ్డంగుల గోడలమీద పేర్లు రాసేవాడు, కుంచె పట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. న్యూయార్కులో రాత్రుళ్లు హోటల్లో గిన్నెలు కడుగుతూ పగలు బొమ్మలు వేసింది. కొన్నాళ్లు పేరొచ్చింది. తర్వాత జనం మోజు మారింది. అమ్ముడుపోయే రకం వెయ్యమంటే వెయ్యనంది. కాలేజీలో పాఠాలు చెప్పి బతికింది. ఆ ఉద్యోగం అయిపోయాక లేపాక్షి చూడటానికొచ్చి, బెంగుళూరుకు తిరిగి వెళ్తూ బస్సులోంచి ఈ రాళ్లను చూసి, బాగేపల్లిలో దిగిపోయింది.

"ఆ గోడకు ఆనించిన బొమ్మ చూడు. ఎలా ఉంది?" అని అడిగింది.

పేరేసంద్ర గుట్టే. సగంలో ఆగింది. "రాయి గాలిలో తేలుతున్నట్టుంది. కింద నీడ లేదు" అన్నాను.

ఆమె గట్టిగా నవ్వింది. "అయితే ఆ నీడ నువ్వు వెయ్యి."

వద్దన్నా వినలేదు. ఏ రంగులో ఏది కలపాలో చెబుతూ కూర్చుంది. నేను వేస్తూ పోయాను. ఆఖరు బస్సు దాటిపోయింది. ఆ రాత్రి రంగమ్మ ఇంట్లో సంగటి తిని, చాపమీద పడి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

అంత అలసటలోనూ బొమ్మలు మానేద్దామన్న మాట ఆ తర్వాత నాకు గుర్తురాలేదు. ధైర్యం వచ్చిందని చెప్పను. ఒక మనిషి చూపు ఉంటుందో పోతుందో తెలియకుండానే రంగులు కలపమంటుంటే, నాకు ఓపిక లేదనడం కుదరలేదు, అంతే. ఆ గుట్టలు చూడాలనుకునేవారికి ఒక్క మాట. పేరేసంద్రలో పొద్దున్నే దిగండి, మధ్యాహ్నం ఎండలో రాయి రంగు తెలియదు.

బడులు తెరిచాక ఒక ఆదివారం మళ్లీ చింతామణి వెళ్లాను. రంగమ్మ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది. "బాధపడొద్దమ్మా, కట్టు ఇప్పినాక ఆయమ్మ నువ్వేసిన నీడంతా గీకేసింది. బాగలేదంట. మళ్లా తానే వేస్తాండాది."

నేను చెప్పులు విడిచి, ఆనందంగా లోపలికి పరిగెత్తాను.