ముప్పై తొమ్మిది పాఠాలు

దయ్యం, పీడ అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే మనిషిని. కెంచార్లహళ్ళిలో పుట్టాను. చీకట్లో ఒక్కదాన్నే తోటకు పోయి నీళ్ళు కట్టాను. ఏదీ కనబడలేదు. ఇప్పుడు చెప్పేది కూడా కనబడింది కాదు, జరిగింది. సంతకం పెట్టడం, గడియారం చూడటం తప్ప నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మా ఆయన చింతామణిలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్లకు కంప్యూటర్ సాయం చేసేవాడు. ఆన్‌లైన్ క్లాసులో మాట వినబడకపోయినా, బొమ్మ ఆగిపోయినా ఆయన్నే పిలిచేవాళ్ళు. పైఅంతస్తులో ఒక చిన్న గదిలో కెమెరా పెట్టి వాళ్ళ పాఠాలు రికార్డు చేసేవాడు. వాటిని యూనివర్సిటీ సైటులోకి ఎక్కించడమూ ఆయన పనే.

పోయిన కార్తీకంలో గుండె ఆగి పోయాడు. యాభై కూడా నిండలేదు. కాలేజీవాళ్ళు జాలిపడి నాకు అటెండరు పని ఇచ్చారు. ఆ గది ఊడ్చేదీ నేనే.

గీతా మేడం బాగేపల్లి నుంచి బస్సులో వస్తారు. ఎకనామిక్స్ చెబుతారు. గెస్ట్ లెక్చరరు, అంటే ఏటేటా మళ్ళీ తీసుకుంటేనే పని. గెస్ట్ లెక్చరర్లకు కాలేజీ సొంత ఖాతా ఇవ్వదు. అందుకని ఆమె నలభై పాఠాలూ మా ఆయన తన ఖాతాలోనే దాచిపెట్టాడు. పాస్‌వర్డు ఎక్కడా రాసిపెట్టే అలవాటు ఆయనకు లేదు. ఆయనతోపాటే పోయింది.

ఒక శనివారం సాయంత్రంలోపల పాఠాలన్నీ సైటులో ఉండాలని, లేకపోతే వచ్చే ఏడు పనిలోకి తీసుకునేది లేదని ఆమెకు ఆర్డరు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చెబుదామంటే ఒక్కో పాఠానికి ఒక పూట పడుతుంది. మేడం మూడు వారాలు తిరిగారు. మా ఆయన ఖాతా తెరవాలంటే యూనివర్సిటీవాళ్ళు అర్జీ పెట్టమన్నారు, నా సంతకం కావాలన్నారు, మరణ పత్రం కావాలన్నారు. అన్నీ ఇచ్చాం. చూస్తామన్నారు.

ఆ శనివారం తొమ్మిదికే లైను పని ఉందని కరెంటు తీసేశారు. ఆ గది కంప్యూటర్‌కు ఉన్న బ్యాటరీ ముందు వారమే రిపేరికి పోయింది. కరెంటు బెల్లు మోగదు కాబట్టి పదకొండుకు నేనే చేత్తో గంట కొట్టి, బకెట్టు తీసుకుని పైకి పోయాను. మేడం ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. స్క్రీను నల్లగా ఉంది.

"కరెంటు లేదు కదమ్మా, ఈడ కూర్చోని ఏం చేస్తాండారు?" అన్నాను.

"యాడ కూర్చున్నా అంతే కదా రత్నమ్మా. ఆ మనిషి పాస్‌వర్డు కట్టుకున్న పెళ్ళానికన్నా చెప్పుండకూడదా?"

"పెళ్ళానికి ఏ బస్సెక్కి పోతాండాడో కూడా చెప్పినోడు కాదు మేడం."

ఆమె నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. నేను తుడుస్తూనే ఉన్నాను. ఒకరిని ఓదార్చే ఓపిక నాలో అప్పటికే అయిపోయింది.

అంతలో ఆమె ఫోనుకు మెసేజీ వచ్చింది. రెండుసార్లు చదువుకున్నారు. తర్వాత మా ఆయన పేరు పైకి చదివారు. ఆ పేరు నేను నోటితో పలకను. ఆయన ఖాతా నుంచి పాఠాలు ఆమెకు పంపినట్టు ఉంది అందులో. గోడ గడియారంలో పదకొండూ ఇరవై. స్క్రీను నల్లగానే ఉంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని కంప్యూటర్ పెట్టెను తాకి చూశాను. చల్లగా ఉంది.

మేడం లెక్కపెడితే ముప్పై తొమ్మిది. రాని పాఠం ఏదో ఆమెకు వెంటనే తెలిసింది. అందులో ఫ్యాను చప్పుడు మాటను మింగేసిందని, మళ్ళీ చెప్పమని మా ఆయన అడిగి ఉన్నాడట. రేపు మాపు అంటూ ఆమె చెప్పలేదు. ఇప్పుడు ఫ్యాను తిరిగే మాటే లేదు. ఉక్కలో చెమటలు కారుతుండగా అక్కడే నిలబడి, తన ఫోనులో ఆ పాఠం చెప్పారు. సాయంత్రం ఐదు లోపల ఆఫీసువాళ్ళ ఖాతాలో, ఆ ఫోను నుంచే నలభై పాఠాలూ సైటులోకి ఎక్కాయి. ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు.

సోమవారం యూనివర్సిటీలో కంప్యూటర్లు చూసే ఆయనకు మేడం ఫోను చేసి, నాకూ వినబడేలా పెట్టారు.

"మేము తెరవలేదు మేడం. మీ అర్జీ ఇంకా టేబుల్ మీదనే ఉండాది," అన్నాడు. కాసేపు ఆగమని ఏదో చూసి, పంపింది ఆ గదిలోని కంప్యూటర్ నుంచేనని, శనివారం పదకొండూ ఇరవైకని చెప్పాడు. "ముందే టైము పెట్టి పోయుంటాడులే."

కరెంటు లేని మిషన్ టైము ఎట్ల చూసుకుంటాదని మేడం అడిగితే, వేరే ఫోను వస్తోందని పెట్టేశాడు.

"ఆయనే వచ్చినాడు రత్నమ్మా," అంటారు మేడం ఇప్పటికీ. నేను ఔనని అనను, కాదని అనను. ఔనంటే ఇంకో మాట అడగాల్సి వస్తుంది. ఇంట్లో రోజూ దీపం పెడతాను. ఒక గిన్నె కదిలింది లేదు, కలలో ఒక మాట లేదు. రాగలిగిన మనిషి మేడం పాఠాల కోసం వచ్చి, అదే గదిలో నేల తుడుస్తున్న నన్ను పలకరించకుండానే పోయాడా? ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.