ఎన్‌క్లేవ్‌లో నాయన

నాయన గుంతకల్లులో రైల్వే గ్యాంగ్‌మన్. నేను పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లోనే. రిటైరయ్యాక అవి ఖాళీ చేయాల్సి వచ్చింది. బెళుగుప్ప దగ్గరి సొంతూళ్లో ఇల్లు కూలిపోయింది, బోర్లు ఎండిపోయాయి. అమ్మ కూడా పోయాక అనంతపురంలో మా ఫ్లాట్‌కు వచ్చేశాడు.

నేను ఇంగ్లీషు టీచర్ని. బస్సులో పోతున్నప్పుడు నాయన నాతో రోడ్డు పక్క బోర్డులు చదివించి, ఆ మాటలకు అర్థాలు అడిగేవాడు. శనక్కాయ పంట చేతికి రాని చేలో రాళ్లు పాతితే లేఅవుట్. ప్రభుత్వం కట్టిస్తే కాలనీ. ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోయేవి క్వార్టర్స్. చుట్టూ గోడ కట్టి, గేటు దగ్గర మనిషిని పెడితే గేటెడ్ కమ్యూనిటీ.

"మరి మనది?"

"ఎన్‌క్లేవ్, నాయనా. చుట్టుపక్కల వాళ్లతో కలవకుండా విడిగా ఉండే చోటు."

"యాడ జూసినా ఇండ్లే కదమ్మా కడతాండేది. దానికిన్ని పేర్లెందుకు?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ బోర్డుల మీది చెట్ల బొమ్మల్లో తప్ప ఆ దారిలో పచ్చదనం ఎక్కడా లేదు.

గుండె జబ్బు ముదిరాక ఒక్కటే అడిగాడు. "నన్ను ఇంట్లో పండబెట్టి, నలుగురు జూసినంక ఎత్తండి." సరేనన్నాను.

ఆసుపత్రిలో పోయాడు. ఊరికి ఫోన్ చేస్తే చిన్నాయన ఏడుస్తూనే చెప్పాడు. "బయట సచ్చినోళ్లను ఊర్లోకి తేగూడదమ్మా. నీకు తెలీంది గాదు. పొలిమేర నుంచి అట్లే మన చేని కాడికి తీస్కపోదాం."

ముందు మా ఇంటికే తీసుకొచ్చాం. అసోసియేషన్ సెక్రటరీ గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏమనుకోవద్దక్కా. లిఫ్ట్‌లో పైకి వద్దు. చిన్నపిల్లోళ్లు ఉండారు, భయపడతారు. సెల్లార్‌లో పెట్టుకోండి."

మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. అయినా శవాన్ని ముందుంచుకుని ఎవరితో కొట్లాడను? మా కారు బయటికి తీసి ఆ జాగాలో చాప పరిచాం.

క్వార్టర్స్‌లో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఆ వరసలో పొయ్యి వెలిగేది కాదు. పిల్లలు ఆకలని ఏడ్చినా అంతే. ఇక్కడ పై అంతస్తుల నుంచి కుక్కర్ విజిళ్లు వినిపిస్తున్నాయి. తప్పు వాళ్లదని అనను. కింద పడుకున్న మనిషి ఎవరో వాళ్లకు తెలియదు. కానీ నాయనను నేను ఏ ఇంటికీ చేర్చలేకపోయాను.

పక్క పార్కింగ్ జాగా ఆయన కారు తాళాలతో వచ్చాడు. చెప్పులు విడిచి, నాయనకు చేతులెత్తి మొక్కాడు. మా ఆయన వైపు తిరిగాడు.

"అన్నా, కొంచెం జరుపుతారా? బండి తీయాల."

మా ఆయన తలవైపు చాప పట్టుకున్నాడు. కాళ్లవైపు నేను పట్టుకున్నాను. గోడ వైపు జరిపాం.

"ఇంకొంచెం" అన్నాడు.

ఇంకొంచెం జరిపాం.