కొంగు అనే ఫైలు

పన్నెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే సూరత్ చీరల బేళ్లన్నీ కలిపినా దానికి సరిరావు. దేన్నైనా పెంచి చెప్పే మనిషినని మీరు ఈపాటికి పసిగట్టే ఉంటారు. దీన్ని మాత్రం పెంచడం లేదు. ఇన్నేళ్లూ తగ్గించే చెప్పుకున్నాను, నాకు నేనే.

సూరత్ పర్వత్ పాటియాలో, బట్టల మార్కెట్ వెనక, మూడో అంతస్తులో మా చీరల డిజైన్ల ఆఫీసు. ఎంత ఇరుకు గదంటే, నేను ఆవులిస్తే పక్కన మల్లేశం దవడ జరిగేది. సొంత జిల్లాలో మాది పక్కపక్క మండలాలు. ఊరి బయట జోల్వాలో మరమగ్గం నడుపుతూనే కంప్యూటర్ నేర్చుకున్నవాడు మల్లేశం. ఇద్దరం కలిసి తాగిన పుదీనా చాయ్‌కి తాపీ నది రెండంగుళాలు తగ్గే ఉంటుంది. ఆ చాయ్ రుచి ఇప్పుడెక్కడా లేదు. లేక నా నాలుకే మారిందా?

చీర బొమ్మను మగ్గానికి అర్థమయ్యే గళ్లుగా మార్చే ప్రోగ్రాం అతనొక్కడే రాశాడు. తొమ్మిది నెలలు. ఏ గడి దగ్గర ఏ పోగు లేవాలో అతని వేళ్లకే తెలుసు. ఫైలు పేరు ‘కొంగు’. లోపలా అంచు, బుటా, పోగు, అన్నీ మన మాటలే.

మా పనంతా గిట్‌లో, అంటే ప్రోగ్రాంలో జరిగే ప్రతి మార్పునూ రాసిపెట్టే కంప్యూటర్ ఖాతాలో దాచేవాళ్లం. ప్రోగ్రాంలో ఏ వరుస ఎవరు రాశారో అడిగితే చెప్పే చిత్రగుప్తుడది. కానీ దానికో బలహీనత ఉంది. ఫైలు పేరు మారిస్తే, మార్చారని ఎక్కడా రాసుకోదు. పాతది పోయింది, కొత్తది వచ్చింది, అంతే. ఎవరైనా అడిగినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి, సగమైనా పోలిక ఉంటే ‘ఓహో, ఇల్లు మారాడన్నమాట’ అని ఊహిస్తుంది. పోలిక లేకపోతే ఒకడు చచ్చాడు, మరొకడు పుట్టాడు. అందుకే ముందు ఫైలును ఉన్నదున్నట్టు జరిపి, నమోదు చేసి, తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి.

ఈ సంగతి నాకు తెలుసు.

కొత్తవాళ్లకు అర్థమయ్యేలా ఫోల్డర్లు సర్దమన్నాడు మా సేఠ్. ‘కొంగు’ను హిందీలో ‘పల్లు’ చేసి వేరే ఫోల్డర్లోకి జరిపాను. అదే ఊపులో లోపలి పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చి, వరుసలు సర్ది, మొత్తం ఒకేసారి నమోదు చేశాను. బద్ధకమా? బద్ధకమే అయితే, నమోదు మీట నొక్కేముందు మల్లేశం కుర్చీ ఖాళీగా ఉందా అని ఎందుకు చూశాను?

వారం తర్వాత, డిజైన్ విభాగం ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడానికి సేఠ్ మా తెర ముందు కూర్చున్నాడు. తొమ్మిది వందల వరుసలు. ప్రతి వరుస పక్కనా నా పేరే.

“యే సబ్ తూనే లిఖా?” ఇదంతా నువ్వే రాశావా అని.

నా తల కాస్త అటూ ఇటూ, కాస్త పైకీ కిందికీ ఊగింది. సేఠ్ తనకు కావలసిన ఊపు ఏరుకున్నాడు. నేను దిద్దలేదు.

ఆయన వెళ్లాక మల్లేశం తెర మీదికి వంగాడు.

“ఏందన్నా, నా పేరే లేదు? తొమ్మిది నెలలు గాడిదల్ని గాసిన్నా?”

“మిషన్ గట్లనే జేస్తది తమ్మీ. ఫైలు జరిపితే పేరు పోతది. మనమేం జేస్తం?”

“గంతేనా?” నవ్వేశాడు. “నువ్వే ఏమన్న జేసినవేమో అనుకున్న. పాపం తగుల్తది నాకు. పా, చాయ్ తాగుదాం.”

చాయ్ అతనే తెచ్చాడు. నేను తాగాను.

విభాగం నాకొచ్చింది. మల్లేశాన్ని డిజైన్లు మోసుకుంటూ మగ్గాల చుట్టూ తిరిగే పనిలో పెట్టారు. రెండు నెలల్లో మానేసి, జోల్వాలో మళ్లీ మగ్గం ఎక్కాడు. పది మైళ్లు కూడా ఉండదు. పన్నెండేళ్లలో నేను ఒక్కసారీ వెళ్లలేదు.

మొన్న ఆ ఫైలును పాత పేరుతో అడిగి చూశాను. గిట్ ఏదీ పారేయదు. ‘కొంగు’ కింద అతని వరుసలన్నీ అలాగే ఉన్నాయి. మొట్టమొదటి నమోదు పక్కన అతని మాట: “నడిచింది అన్నా, జర జూడు.” అడగాల్సిన పేరుతో ఎవరూ అడగలేదు, అంతే. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ ఉదయం ‘పల్లు’ ఫైలు తల మీద ఒక వరుస చేర్చాను: ‘ఇది రాసింది మల్లేశం.’

ఆ వరుస ఎవరు రాశారని అడిగితే గిట్ నా పేరు చెబుతుంది. ఆ ఫైలులో నా పేరు నిజమైన చోటు అదొక్కటే.