నోరీన్ తుంటినొప్పి, రోవన్ టిండల్ హామీ

ఎన్నికలకి పది రోజులుందనగా, బుధవారం ఉదయం, అభ్యర్థి రోవన్ టిండల్ నోరీన్ హాస్కెట్ వాళ్ళ కోళ్ళగూటికి తల కొట్టుకున్నాడు. దెబ్బ పెద్దదేమీ కాదు. నుదురు రుద్దుకుంటూ తల ఎత్తి చూస్తే గూటి తలుపు మీద తన మొహమే ఉంది. నాలుగేళ్ళ కిందట గెలిచినప్పటిది, కాస్త లేతగా, తలకిందులుగా. దాని పైన, అదీ తలకిందులుగానే, "గంజాయి మందు వాడేవారి డ్రైవింగ్ లైసెన్సు కాపాడతాం. మొదటి వంద రోజుల్లో!" అని రాసి ఉంది. లోపల ఓ ఎర్రకోడి గుడ్డు పెట్టే పనిలో ఉండి అభ్యర్థిని పట్టించుకోలేదు.

అతన్ని అక్కడికి తీసుకెళ్ళినవాణ్ణి నేనే. "ఓ మామూలు ఓటరుతో మాట్లాడాలి" అన్నాడు. మా వరింగా ఊళ్ళో మామూలువాళ్ళు తక్కువ. నోరీన్ గుర్తొచ్చింది గాని, కోళ్ళగూడు గుర్తు రాలేదు.

ఎన్నికలు అయిపోయాక గేట్లకీ కంచెలకీ కట్టిన ప్లాస్టిక్ బోర్డులు విప్పుకుపోవడానికి గెలిచినవాడికి తీరిక ఉండదు, ఓడినవాడికి మనసు ఉండదు. నోరీన్ పాత కారేసుకుని వెళ్ళి అవన్నీ ఏరుకొస్తుంది. వానకి తడవవు, చెదలు పట్టవు. ఆ గూటికి మొత్తం ఏడు మొహాలు. ఏడుగురిదీ ఒకటే హామీ.

"ఇది... నేనే కదూ?" అన్నాడు టిండల్.

"నువ్వే నాయనా. తలుపుకి నిన్ను వేశాను. నీ ముందాయన వాన పడితే బిగుసుకుపోయేవాడు, ఎంత లాగినా వచ్చేవాడు కాదు."

"తలకిందులుగా ఎందుకండీ?"

"బందులకి చిల్లులు అటువైపున్నాయి."

అతను నవ్వాడు. ఆ మాత్రం మంచితనం ఉంది కుర్రాడిలో. "ఈసారి మాత్రం ఖాయం నోరీన్. వంద రోజులు."

"ఏ వంద? పోయినసారివి ఇంకా అయిపోలేదా?"

వరండాలోంచి ఆమె భర్త క్లైవ్ కేకేశాడు. "పాపం, మాట్లాడనియ్యవే ఆ పిల్లాణ్ణి! ఈసారి చేస్తాడు. కళ్ళలోనే తెలుస్తోంది."

"ఆ కళ్ళు నేలని చూస్తున్నాయి క్లైవ్, నీకెక్కడ తెలిసింది?"

వాళ్ళిద్దరి మధ్యా ఎన్నికలప్పుడల్లా ఇదే వరస. ఆయన నమ్ముతాడు, ఆమె నమ్మదు. ఇద్దరూ కలిసి వెళ్ళి ఓటేసి వస్తారు.

నోరీన్ ఇరవై ఆరేళ్ళు ఈ కొండదారుల్లో బడి బస్సు నడిపింది. మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ ఆమె కసుర్లు తింటూ పెద్దవాళ్ళయినవాళ్ళే. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ తుంటి అరిగిపోయింది. రెండేళ్ళ కిందట డాక్టరు గంజాయి నూనె రాసిచ్చాడు, రోజూ నాలుక కింద తొమ్మిది చుక్కలు. నెల తిరక్కుండానే ఓ రోజు క్యారెట్ మడిలో మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తను లేచి నిలబడింది. "క్లైవ్, మళ్ళీ చూడు!" అని మరోసారి కూర్చుని లేచింది. కంచె ఇవతలి నుంచి నేనూ చూశాను. ఆ వయసులో మనిషి అంత గర్వంగా లేవడం నేనెక్కడా చూడలేదు.

ఆ చలికాలంలోనే క్లైవ్ మూత్రపిండాలు పాడయ్యాయి. మంగళ, గురు, శని వారాలు లిస్మోర్‌లో డయాలసిస్. నలభై రెండు కిలోమీటర్లు. మా ఊరికి బస్సు శుక్రవారం తప్ప రాదు. నేను తీసుకెళ్తానంటే నోరీన్ ఒప్పుకోలేదు. "నీ తోలుడుకి దారిలోనే పోతాడు" అంది. నిజానికి క్లైవ్‌కి ఆమె పక్కన తప్ప ఏ కారెక్కినా వాంతులే.

చిక్కంతా వంతెన దగ్గర ఉంది. పోలీసులు అక్కడ కార్లాపి నాలుక మీద పుల్ల రాసి చూస్తారు. నూనె ఆనవాలు రోజుల తరబడి నోట్లో ఉంటుంది. డాక్టరు చీటీ ఉంది మొర్రో అన్నా మా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చట్టం వినదు. దొరికితే మూడు నెలలు లైసెన్సు పోతుంది. మూడు నెలలు క్లైవ్ రక్తం శుభ్రం కాకుండా ఆగదు కదా. ఆ ఏడుగురూ మారుస్తామన్నది ఈ ముక్కే.

సాయంత్రం వార్తల వేళకి నూనె చెంచా పట్టుకురావడం క్లైవ్ పని. ఆయన చేతులు వణుకుతాయి. అయినా ఇంకొకరిని ముట్టనివ్వడు. పైకి లెక్కపెడుతూ తొమ్మిది చుక్కలు వేసి, పసిబిడ్డకి పెట్టినట్టు ఆమె నోట్లో పెట్టి, "ఎలా ఉంది?" అంటాడు.

"హాయిగా ఉంది" అంటుంది నోరీన్.

"నాకు నీ కారు, నీకు నా చెంచా. సరికి సరి" అంటాడాయన.

వంతెన దగ్గర వాళ్ళని రెండుసార్లు ఆపారు. రెండుసార్లూ ఏమీ దొరకలేదు. పోలీసుల దగ్గరున్నదంతా డొక్కు సరుకని క్లైవ్ ఊరంతా చాటాడు. బయటికి అలా అన్నాడు గాని, వంతెన కనబడితే ఆయన కళ్ళు గట్టిగా మూసుకునేవాడట. అందుకే ఈసారి తనే టిండల్ తరఫున ప్రచార కాగితాలు పంచుతానని ముందుకొచ్చాడు. "నేను పోయేలోగా అది భయం లేకుండా వంతెన దాటాలి" అన్నాడు నాతో.

పోలింగ్ రోజు శనివారం. ఓట్లు పడే బడి ఆవరణలో, వచ్చినవాళ్ళకి అమ్మడానికి, ఎప్పటిలాగే మాంసపు సాసేజీల పొయ్యి పెట్టాం. ఉల్లిపాయలు వేయించడం నా వంతు. క్లైవ్ చొక్కా జేబులో నూనె సీసా వేసుకొచ్చాడు. లైనులో ఉన్న ప్రతివాడికీ టిండల్ కాగితం ఒకటి ఇచ్చి, సీసా చూపించి, "దీని మూలానే నా భార్య తిరుగుతోంది. దీనికే లైసెన్సు లాక్కుంటారట, న్యాయమా?" అంటున్నాడు. టిండల్ పక్కనే నిలబడి జాలిగా తలాడిస్తున్నాడు.

"నువ్వూ వాసన చూడవోయ్" అని నా ముక్కు దగ్గర పెట్టాడు.

నాది మెకడేమియా తోట. ఆ గింజల నూనె నేనే తీస్తాను. దాని వాసన నిద్రలో లేపి చూపించినా చెప్పగలను. చెప్పకుండా ఉండడమే చేతకాలేదు.

"ఇది నా గింజల నూనె కదా క్లైవ్! ఏటా క్రిస్మస్‌కి నోరీన్‌కి ఇచ్చేది!"

అనేశాక తెలిసింది ఏమన్నానో. ఉల్లిపాయలు మాడుతున్నాయి. నేను వాటికేసే చూస్తూ ఉండిపోయాను.

క్లైవ్ వేలి మీద ఒక చుక్క వేసుకుని నాలుకకి రాసుకున్నాడు. రెండేళ్ళుగా చెంచా పడుతున్నా, ఎప్పుడూ రుచి చూసినవాడు కాదు.

"పోలీసుల సరుకు మంచిదేనన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

టిండల్ ఆయన భుజం మీద చెయ్యేశాడు. "చూశారా క్లైవ్, అందుకే ఈ చట్టాన్ని మనం మొదటి వంద..."

"మీరు నోరీన్‌కి మొదటిసారి చెప్పి ఎన్నాళ్ళయింది బాబూ?"

"నాలుగేళ్ళు."

"ఈ చెంచా మొదలెట్టకముందే" అన్నాడు క్లైవ్. కాగితాల కట్ట బన్నుల పెట్టె మీద పెట్టేసి, గేటు కేసి నడిచాడు.

పదిన్నరకి నోరీన్ కారు వచ్చి ఆగింది, ఆయన్ని లిస్మోర్ తీసుకెళ్ళడానికి. తలుపు తెరుచుకుంది. ముందు కుడికాలు దిగింది. తర్వాత రెండు చేతులతో ఎడమ తొడ ఎత్తి బయట పెట్టుకుంది. తలుపు పట్టుకుని ఊపిరి బిగబట్టి లేచింది. ఆమె అలా దిగడం మేమందరం వెయ్యిసార్లు చూశాం. ముసలితనం అనుకున్నాం. ఆ రోజు క్లైవ్ గేటు దగ్గర నిలబడి అదంతా చివరిదాకా చూశాడు.

దగ్గరికెళ్ళి సీసా ఆమె చేతిలో పెట్టాడు. నోరీన్ సీసాని చూసింది, పొయ్యి దగ్గరున్న నన్ను చూసింది. నేను గరిటె తిప్పాను.

"రెండేళ్ళు! రోజూ నా మొహం చూస్తూ 'హాయిగా ఉంది, హాయిగా ఉంది' అని అబద్ధం చెప్పావు" అన్నాడు క్లైవ్.

నోరీన్ ఆయన చొక్కా కాలరు సర్దుతూ అంది. "నిన్ను ఓటేమీ అడగలేదుగా, ఎక్కు."