మాస్టారి బహువచనం

డ్రైవింగ్ మాస్టారికి ఏకవచనం అలవాటు లేదు. బండిలో పక్క సీట్లో కూర్చుని, స్టీరింగుని పీక పట్టుకున్నట్టు పట్టుకున్న శిష్యులతో "ఇప్పుడు మనం క్లచ్ తొక్కుతున్నాం, ఇప్పుడు మెల్లగా వదులుతున్నాం" అంటూనే ఆయన తల నెరిసింది. "ఇప్పుడు మనం ఆ గోడని గుద్దబోతున్నాం" అన్నప్పుడు కూడా గొంతు పెరిగేది కాదు. తప్పు ఎవరిదైనా సగం తనే పుచ్చుకునేవారు. ఈ ఔదార్యం పుణ్యమా అని ఊళ్ళో సగంమంది బండి నడపడం నేర్చుకున్నారు, మిగతా సగంమంది వాళ్ళకి అడ్డు తప్పుకోవడం నేర్చుకున్నారు.

వృత్తిధర్మం క్రమంగా ఇంట్లోకీ వచ్చేసింది. మన నడుం పట్టేసింది అనేవారు. మన పన్ను పీకేశారు అనేవారు. మీ నడుం నాదెప్పుడయిందండీ అని భార్య కాపురానికొచ్చిన కొత్తలో దెప్పేది. పోనుపోను ఆ నడుంలో తనకీ వాటా ఉందనే నమ్మకం కుదిరి, ఆయనకి పట్టేసినప్పుడల్లా తనూ వంగి నడిచేది. పిల్లల్లేని ఆ ఇంట్లో మన అన్న ఆ ఒక్క మాట నలుగురి పెట్టు.

అలాంటి మనిషి ఒకరోజు ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, మన గుండె ఇంక ఎంతోకాలం పనిచెయ్యదట అన్నారు. ఆవిడ గుమ్మంలోనే కూలబడింది.

ఆవిడ తమ్ముడు శరీర మార్పిడి కేంద్రంలో వ్యాను నడుపుతాడు. మనిషిలోని మనిషిని, అంటే జ్ఞాపకాలూ కోపతాపాలూ కాఫీలో చక్కెర ఎంతో అన్న పట్టింపూ సమస్తం, పాత ఒంట్లోంచి తీసి పడుచు ఒంట్లో పెట్టే చోటు అది. అక్కడ ఉద్యోగుల బంధువులకి కోటా ఉంది. మృత్యుంజయత్వం లాంటి ఘనమైన విషయం కూడా చివరికి కోటాలోనే వస్తుందన్నమాట. తమ్ముడు ఆ వార్త మోసుకొచ్చాడు. ఒళ్ళు దొరికిందనీ, ఇరవై ఆరేళ్ళదనీ, ఒక్క పన్ను కూడా కదల్లేదనీ చెప్పాడు.

పాత బండ్లు కొన్న అనుభవంతో మాస్టారు అడగాల్సినవే అడిగారు. ఇదివరకు ఎవరు వాడారు, ఎందుకు వదిలేశారు. ఆ కుర్రాడు మేడలకి రంగులేసేవాడట. కట్టిన కర్రల మీంచి పడ్డాడట. మెదడు పోయిందని డాక్టర్లు చెప్పారట, ఇంట్లోవాళ్ళు సరేనని సంతకాలు పెట్టారట. ఇప్పుడు ఆ ఒళ్ళు ఖాళీ. కేంద్రంలో అందరికీ చాలా ఇష్టమైన మాట అది.

"ఖాళీ అని ఎవరు చూశార్రా?" అన్నారు మాస్టారు.

"డాక్టర్లు చూశారు బావా. నువ్వు కిటికీలోంచి తొంగిచూసి రావాలా ఏంటి?"

మాస్టారు నవ్వేసి సంతకం పెట్టారు. చావంటే భయమని ఆయన ఎక్కడా అనలేదు. మనకింకా పనుంది అని మాత్రం అన్నారు. కలం పట్టుకున్న ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో పక్కన కూర్చున్న ఆవిడకి తెలుసు. ఇంకో ప్రశ్న ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒళ్ళు ఖాళీగా ఉండడం ఆవిడకి చాలా అవసరం, అందుకని అడగలేదు.

మార్పిడి అయి ఇంటికొచ్చిన రోజున, వ్యాన్లోంచి ఒక పడుచువాడు దిగి, మలుపులో ఆ స్పీడేమిట్రా అని బావమరిదిని చీవాట్లు పెట్టాడు. దాన్నిబట్టి ఆవిడ భర్తని గుర్తుపట్టింది. ఆ తర్వాత గుర్తుపట్టడం అంత తేలిగ్గా లేదు. మనవడి వయసున్న మొహాన్ని పట్టుకుని ఏమండీ అని పిలవడానికి ఆవిడకి రోజూ కొత్తగా ధైర్యం కావలసి వచ్చేది. కొట్టువాడు మనవడా అమ్మా అని అడిగితే, మా ఆయన అని చెప్పలేక, అవునని చెప్పలేక, సబ్బు బిళ్ళ ఒకటి ఎక్కువ కొనుక్కుని వచ్చేసింది. కొత్త నడుముకి ఏ నొప్పీ లేదు. అందులో ఆవిడకి వాటా లేకుండా పోయింది.

మొదటి తనిఖీకి ముగ్గురూ వెళ్ళారు. అక్కడి పర్యవేక్షకురాలు మాటకీ బట్టకీ కూడా ముడత పడనివ్వని మనిషి. ఒంట్లో పాతవాడి ఆనవాళ్ళు కొన్ని ఉండిపోవచ్చనీ, దాన్ని మిగులు అంటారనీ, చాలావరకు దానంతటదే పోతుందనీ, పోకపోతే కడిగేస్తారనీ వివరించింది. తర్వాత ఎలా ఉన్నారని మాస్టారిని అడిగింది. మనం బ్రహ్మాండంగా ఉన్నాం అన్నారు మాస్టారు. పర్యవేక్షకురాలి కలం ఆగింది. ఒంట్లో ఇద్దరున్నారనడానికి మొదటి గుర్తు బహువచనమేనట.

భార్య గాభరాగా అడ్డుపడి, ఈయన పెళ్ళిచూపుల నాటినుంచీ ఇంతేనని చెప్పింది. నాకు బండి నేర్పుతూ మనం చస్తున్నాం అని రోజూ అనేవాడు మేడం, ఇద్దరం బతికే ఉన్నాం చూడండి అని తమ్ముడు సాక్ష్యం పలికాడు. పర్యవేక్షకురాలు కూడా నవ్వి, అలవాటు అని రాసుకుంది. ఆ ఒక్క మాటతో మాస్టారికి బహువచనం వాడుకునే అధికారం లిఖితపూర్వకంగా దక్కింది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున, ఆవిడ వంటింట్లోంచి టీ పెట్టనా అని అడిగింది.

"మేము తర్వాత తాగుతాం" అన్నారు మాస్టారు.

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మనం అంటే వింటున్నవాళ్ళు కూడా లోపలే. మేము అంటే వింటున్నవాళ్ళు గుమ్మం బయట. బడికెళ్ళని పిల్లలకి కూడా తెలిసిన ఈ వ్యాకరణం ఆవిడ వీపు మీద మంచుగడ్డలా జారింది. పంటి నొప్పికి సైతం తనని లోపలికి పిలిచిన మనిషి మొట్టమొదటిసారి తనని బయట నిలబెట్టాడు. లోపల ఇంకెవరో ఉన్నారు.

ఆవిడ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. "మేమంటే ఎవరెవరండీ?"

మాస్టారు చేతివేళ్ళు చూసుకుంటూ చెప్పారు. పొద్దున కళ్ళు తెరిచేసరికి తనకన్నా ముందే ఎవరో లేచి ఉంటున్నట్టు ఉంటుందట. మాట్లాడడట, అడ్డురాడట, ఓ మూల ఒదిగి కూర్చుంటాడట. మొదట్లో అది తన భయమేననుకున్నారట. అయితే భయాల విషయంలో మాస్టారికి ఉన్న పాండిత్యం ఇంతా అంతా కాదు.

"మన భయం మనకి తెలుసు. పాతది, పెట్టిన చోట పడుంటుంది. ఇది అది కాదు. ఇది మొదటిరోజు బండెక్కినవాడి భయం. పాపం వాడికి స్టీరింగు కూడా లేదు. బండి మాత్రం వెళ్తోంది."

ఆవిడ లేచివెళ్ళి, కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడిగింది.

ఆ రోజునుంచి ఆవిడకి భర్తని చూస్తే భయం, భర్త కనబడకపోతే ఇంకా భయం. గ్లాసు అందిస్తే ఆయన కుడిచెయ్యి కదిలేలోపే ఎడమచెయ్యి ముందుకొచ్చి, తప్పు చేసినట్టు వెనక్కి పోయేది. ఖాళీ గోడ కనబడితే ఆయన ఆగి దాన్ని పైనుంచి కిందికి తడిమేవారు, రంగు పెచ్చులూడిన చోట వేలు నిలిచేది. స్నానాలగదిలో అద్దం మీద తువ్వాలు కప్పేసి, గడ్డం గుడ్డిగా గీసుకుని, చెంపలు కోసుకునేవారు. ఎందుకని ఆవిడ అడగలేదు. అద్దంలోంచి చూసేది తను కానప్పుడు ఎవరు మాత్రం తువ్వాలు కప్పరు?

రెండో తనిఖీ దగ్గరపడింది. తమ్ముడు వచ్చి, బావ మొహం వంక చూసీ చూడనట్టు చూసి, విషయం కనిపెట్టాడు. మిగులుంటే దాచొద్దన్నాడు. ఒక్క పూట పనన్నాడు. "అద్దెకున్నవాడు కదలనంటే మనుషుల్ని పెట్టి ఖాళీ చేయించమా బావా? ఇదీ అంతే."

"మా ఇద్దరిలో అద్దెకున్నది ఎవర్రా?" అన్నారు మాస్టారు.

ఆ ఇద్దరూ ఎవరో లెక్క తేలగానే తమ్ముడి మొహంలో రంగు పోయింది. టీ సగం వదిలేసి లేచి, నేనేం వినలేదక్కా, ఉద్యోగం చేసుకునేవాణ్ణి అని చెప్పులేసుకున్నాడు.

ఆవిడ మాత్రం కేంద్రానికి చెప్పేయాలనే నిశ్చయించుకుంది. ఎవరో కుర్రాడు. తను మొహమెరుగుదునా, మాటెరుగుదునా. మొగుడితో తప్ప ఎవరితోనూ పంచుకోని జీవితంలో మూడోమనిషికి చోటెక్కడిది? వ్యాన్లో వెళ్తున్నంతసేపూ ఇదే వల్లించుకుంది. పక్కన మాస్టారు కిటికీలోంచి చూస్తూ ఏదో కూనిరాగం తీశారు. అది తనకి రాని పాటని గుర్తొచ్చినట్టుంది, మధ్యలో ఠక్కున ఆపేశారు.

మాస్టారిని రక్తపరీక్షకి పంపి, పర్యవేక్షకురాలు భార్యని కూర్చోబెట్టింది. ఇంట్లో మాటల్లో తేడా ఏమైనా ఉందా అని అడిగింది. ఉంటే భయం లేదంది. కడిగేస్తే సరిపోతుందంది, నొప్పి కూడా ఉండదంది.

"ఎవరికి?" అంది ఆవిడ. ఎందుకడిగిందో ఆవిడకే తెలీదు.

"మీవారికమ్మా."

"మరి ఆ మిగులుకి?"

"మొదట్లో కాస్త అరుస్తాడు" అని, పర్యవేక్షకురాలు వెంటనే సర్దుకుని, "అరుస్తుంది. తర్వాత అదే ఆగిపోతుంది" అంది.

మాట మీద ముడత పడింది. ఆవిడ ఆ ముడతనే చూస్తూ, అందరి ఒళ్ళలోనూ ఇలా ఉంటుందా అని అడిగింది. పడుచు ఒళ్ళు కదమ్మా, ఊరికే వదలవు, చాలామందికి ఉంటుంది అంది పర్యవేక్షకురాలు. మరి ఖాళీ అని ఇచ్చారు కదా అంటే, కడిగాక ఖాళీయే కదా అని నచ్చచెప్పింది. ఆ కడిగే గది ఎక్కడో అని ఆవిడ అనుకుంటూనే ఉంది, కిటికీలోంచి వరండా చివర మందపాటి తలుపు ఒకటి కనిపించింది. మిగతా గదులకి మామూలు తలుపులే ఉన్నాయి.

"మావారు ఎప్పటిలాగే ఉన్నారమ్మా. ఏ తేడా లేదు" అంది ఆవిడ. పర్యవేక్షకురాలు ఆవిడ కళ్ళలోకి ఒక్క క్షణం ఎక్కువే చూసి, రాసుకుంది.

ఇంటికొచ్చి, తలుపు గడియపెట్టి, ఆవిడ మొత్తం చెప్పింది. చెప్పేద్దామనే వెళ్ళానన్న సంగతి కూడా దాచలేదు. మాస్టారు మంచం పట్టె మీద కూర్చుండిపోయారు. ఇప్పుడు మనం ఏం చేద్దాం అన్నారు. ఆ మనంలో ఎంతమందున్నారో ఆయనకి కూడా తెలిసినట్టు లేదు.

"మీరు కాసేపు ఊరుకోండి. నేను అతన్ని అడుగుతాను" అంది ఆవిడ. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"బాబూ, నీకేం కావాలి?"

పాత మొహంలోంచి మాస్టారు తెచ్చుకున్నది ఒకటే, ఎడమ కనుబొమ్మ కొంచెం ఎగరేసి ఉంచడం. అది మెల్లగా కిందికి దిగింది. చెంపలు వదులయ్యాయి. ఆవిడ కళ్ళముందే ఆ మొహంలోకి ఇంకొకరు వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు తటపటాయించారు.

"మా అమ్మతో మాట్లాడాలి" అంది ఆ నోరు. "నంబరు గుర్తుంది. వేళ్ళు రావట్లేదు."

ఆ తల్లికి తెలిస్తే కేంద్రానికి తెలుస్తుంది. కేంద్రానికి తెలిస్తే ఆ తలుపు వెనక్కి ఎవరిని తీసుకెళ్తారో, ఎవరు మిగులుతారో, మిగిలినవాడు తనని ఏమని పిలుస్తాడో ఎవరూ చెప్పలేరు. ఆవిడ ఫోను తీసింది. అతను ఒక్కో అంకే చెబుతుంటే, తను నొక్కింది. అవతల మోగడం మొదలవగానే అతని చెవి దగ్గర పెట్టింది.

ఎవరో ఎత్తారు. ఎవరండీ అంది ఒక ఆడగొంతు, పనిలో ఉన్న గొంతు. ఇవతల ఇద్దరు మగవాళ్ళకి ఉన్నది ఒకే గొంతు, అది ఇద్దరికీ పెగల్లేదు. ఎవరూ, మాట్లాడరేం అని అవతలనుంచి మళ్ళీ వినబడింది.

ఆవిడ ఫోను తన చెవి దగ్గరికి తీసుకుంది.

"అమ్మా, నేనెవరో మీకు తెలీదు" అంది. "మీరు నిలబడి ఉంటే ముందు కూర్చోండి."