నా పేరు లేని బ్యాలెట్

పదహారేళ్ళు మా పార్టీకి పని చేశాను. ఈ మాట నేను చెప్పుకోకపోతే చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా వీధుల వెంట ఎన్నికల బోర్డులు పాతింది నేను. ఓడిపోయిన మర్నాడు, తడిసి ముద్దయిన అవే బోర్డులను పీకి గరాజ్‌లో ఆరబెట్టింది కూడా నేనే. ఒక ఏడు పార్టీ పిక్నిక్‌కి ఐస్ పెట్టెలన్నీ ఒక్కణ్ణే మోశాను. సాయంత్రం మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి, నిమ్మరసం కలిపిన పిల్లలతో సహా అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు చెప్పలేదు. నేను రెండో వరసలో, ఆయనకు ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

మా నాలుగు వీధులకీ పార్టీ తరఫున ఒక ప్రతినిధి ఉంటారు. ప్రిసింక్ట్ కమిటీమన్ అంటారు. జీతం లేదు, పెద్ద అధికారమూ లేదు. కౌంటీ సమావేశంలో ఒక కుర్చీ, ఒక ఓటు ఉంటాయి, అంతే. ఆ పదవి రెండుసార్లు ఖాళీ అయింది. మొదటిసారి నన్ను అడగనేలేదు. రెండోసారి, ఈ ఊరికి వచ్చి రెండేళ్ళు కూడా కాని ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటమ్మని కూర్చోబెట్టారు. నేను అడిగితే, “మీరు ఎలాగూ పని చేస్తూనే ఉంటారు కదా” అన్నారు. అలా అన్నవాడు ఆ సమయంలో నా చేతుల మీదుగా వచ్చిన కాఫీయే తాగుతున్నాడు.

అందుకే ఈసారి ఆవిడ మీద నేనే పోటీకి దిగాను. అక్టోబరు చలిగాలిలో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించాను. నవంబరు ఎన్నికకి ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఓటింగే ప్రైమరీ. మార్చిలో జరిగే ఆ ప్రైమరీకి మా పార్టీ బ్యాలెట్‌లో పైన గవర్నర్ అభ్యర్థుల పేర్లు, అట్టడుగున ఆవిడ పేరు, నా పేరు.

మా నాలుగు వీధుల ప్రిసింక్ట్‌లో తెలుగు ఇళ్ళు పదకొండు. చలికాలం శనివారాల్లో వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు పెట్టుకుంటాం. ఆ ఏడాది భోజనం దగ్గర వేరే మాట లేదు. గవర్నర్ ఎన్నికల్లో మా పార్టీ సంగతేమిటని అందరూ నన్నే అడిగేవారు. అడిగితే చెప్పేవాణ్ణి. దాచుకోవలసిన అవసరం ఏముంది?

ముప్పై ఏళ్ళుగా నాకు స్నేహితుడైన డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యాడు, పప్పుచారు వడ్డించుకుంటూ అడిగాడు: “గురూ, ఉన్నది ఉన్నట్టు చెప్పు. మనకి ఛాన్స్ ఉందా, లేదా?”

“అవతలి పార్టీ ఎవర్ని నిలబెడుతుందో దాన్నిబట్టి ఉంటుంది” అన్నాను. “వాళ్ళలో ఇద్దరున్నారు. ఆ నెమ్మదస్తుడు వచ్చాడా, మన పని అయిపోయినట్టే. మనవాళ్ళే సగం మంది ఆయనకి వేస్తారు. రెండోవాడు ఉన్నాడు చూడు, టీవీలో అరిచేవాడు, వాడొస్తే మనకి కాస్త ఊపిరాడుతుంది.”

“అంటే ఆ అరుపులాయన గెలవాలని మనం మొక్కుకోవాలన్నమాట!”

“మొక్కుకుంటే చాలదు డాక్టర్. ఓట్లు పడాలి” అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. “మరి ఈయన సంగతో?” అని నా వైపు చెయ్యి చూపించింది.

“ఆయనకేంటమ్మా, ఆయన సీటు గ్యారంటీ” అన్నాడు డాక్టరు.

ఇక్కడ ప్రైమరీలో లోపలికి వెళ్ళగానే ఏ పార్టీ బ్యాలెట్ కావాలో నోరు తెరిచి చెప్పాలి. ఎవరైనా ఏ పార్టీదైనా అడగొచ్చు, కానీ ఒక్కటే ఇస్తారు. ఒక పార్టీది తీసుకుంటే రెండో పార్టీ పేర్లు అందులో ఉండవు. ఇన్నేళ్ళుగా ఓటు వేస్తున్నవాళ్ళకు ఇది తెలియదని నాకెలా తెలుస్తుంది? గవర్నర్ గురించి అడిగారు కాబట్టి దాని గురించే చెప్పాను. రెండో సంగతి ఎవరూ అడగలేదు.

పోలింగ్ రోజున పార్క్ డిస్ట్రిక్ట్ హాల్లో వరసలో నిలబడ్డాను. నా ముందు మా ఆవిడ, ఆమె ముందు డాక్టరు, ఆయన భార్య, ఇంకా రెండిళ్ళవాళ్ళు. బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ ఏ పార్టీ అని అడిగింది. డాక్టరు గొంతు సవరించుకుని అవతలి పార్టీ పేరు చెప్పాడు. చెప్పి, వెనక్కి తిరిగి నాకు కన్ను గీటాడు. ఆయన భార్యా అదే చెప్పింది. ఆ రెండిళ్ళవాళ్ళూ అదే చెప్పారు.

లోపల ప్రచారం చేయకూడదు. నేను అభ్యర్థిని. ఒక్క మాట అన్నా నా మీదే ఫిర్యాదు పెడతారు. గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ వంతు వచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో నేను అడగకుండా ఆమె రాజకీయం మాట్లాడిన రోజు లేదు. గట్టిగా, స్పష్టంగా అవతలి పార్టీ పేరు చెప్పింది.

బయట పార్కింగ్‌లో డాక్టరు నా భుజం తట్టాడు. “పనైపోయింది గురూ! అరుపులాయనకే గుద్దేశాం. నువ్వు చెప్పాక ఇంకేముంది?”

“మరి నాకు?” అన్నాను.

“నీకు ఎలాగూ పడతాయిగా!”

మా ఆవిడ కోటు మీద ఓటేసిన స్టిక్కరు అంటించుకుని వచ్చింది. “ఏమండీ, మీ పేరు రెండుసార్లు వెతికాను. ఎక్కడా లేదు. వాళ్ళు అచ్చు వేయడం మర్చిపోయినట్టున్నారు. మళ్ళీ లోపలికెళ్ళి అడగండి.”

కారు తలుపు తీసి పట్టుకున్నాను.

తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. అరుపులాయన కూడా చిత్తుగా ఓడాడు. నెమ్మదస్తుడే నిలబడ్డాడు. నవంబరులో మా పార్టీ గతి ఏమిటో ఇప్పుడు నన్ను అడగనక్కర్లేదు.

ప్రైమరీ నియమాలను తెలుగువాళ్ళకు తెలుగులో చెప్పే ఏర్పాటు పార్టీ ఎందుకు చేయలేదని కౌంటీ ఆఫీసుకి మూడు పేజీల ఉత్తరం రాశాను. అందరికీ పంపే ధన్యవాదాల కాగితమే నాకూ పంపారు. మా ఆవిడ ఒక్కసారే అంది: “మీరు చెప్పినట్టే చేశాను.” నేను చెప్పింది గవర్నర్ సంగతి, ఓటు సంగతి కాదని వివరించాను. ఆమె బీరకాయలు తరుగుతూ వింది. తల ఎత్తలేదు.

పోయిన వారం ఏజెంటమ్మ ఫోన్ చేసింది. నవంబరులోపు తెలుగు ఇళ్ళన్నీ నేను తిరగాలట. “మీరు చెబితే మీవాళ్ళు తప్పకుండా వింటారట కదా!” అంది. నిజంగానే మెచ్చుకోలుగా అంది. తిరగనని చెప్పి పెట్టేశాను.

“ఎవరు?” అంది మా ఆవిడ. చెప్పాను.

“మంచి పని చేశారు” అంది. ఇంకో మాటా అంది: “నవంబరులో నేను ఎవరికి వెయ్యాలో కూడా చెప్పకండి. నేనే చదివి తెలుసుకుంటా.”

ఆ మాట అన్న రోజు కూడా నాకు గుర్తుంటుంది. పోలింగ్ రోజు లాగే అదీ మంగళవారం.