కోర్టు సీనుకి ముందు గ్లూకోజు బాటిల్

ఫిల్మ్ నగర్ కొండవాలు మీది మా అద్దె గదిలో, గోడ మేకుకి గ్లూకోజు బాటిల్ వేలాడుతోంది. కింద చాప మీద మా అన్నయ్య. సినిమాల్లో హీరో వెనక గుంపులో నిలబడే వేషాలు అతనివి. ఒళ్లు కాలిపోతోంది.

ఆ రోజుల్లో జ్వరమని కబురు పంపితే ప్రొడక్షన్ మేనేజర్లు నమ్మేవారు కాదు. అన్నయ్య అప్పుడు చేస్తున్న కోర్టు సీనులాంటి వాటిలో ఒకసారి కనిపించిన ముఖం, సీను పూర్తయ్యేదాకా అదే చోట కనిపించాలి. జ్వరం పేరు చెప్పి ఎక్కువ ఇచ్చే సెట్టుకి జారుకునేవాళ్లూ ఉండేవారు. అందుకే అన్నయ్య వాళ్ల మేనేజరు స్వయంగా ఇంటికొచ్చి చూసేవాడు. బాటిల్ కనబడితేనే నమ్మేవాడు.

పొద్దున బస్తీ డాక్టరు యాంపిసిలిన్ పొడి కరిగించి గ్లూకోజు బాటిల్లో కలిపాడు. ఆదివారాలు బస్సెక్కి లైబ్రరీకి వెళ్లి మందుల పుస్తకాలు చదివేవాణ్ణి కదా, ఊరుకోలేకపోయాను.

“గ్లూకోజు నీళ్లకి ఆమ్లగుణం ఉంటుందండీ. ఈ మందు అందులో త్వరగా పాడవుతుంది. ఉప్పు సెలైన్లో అయితే ఇంకాసేపు నిలుస్తుంది.”

“చక్కెర నీళ్లల్ల పులుపేంది తమ్మీ? నాలుక పెట్టి చూసినవా?” అన్నాడు. వదిన పకపకా నవ్వింది. వెళ్తూ వెళ్తూ, “జల్ది ఎక్కిస్తే ఏం గాదు, ఫికర్ చెయ్యకు” అన్నాడు.

నిజమే, త్వరగా ఎక్కిస్తే ఫరవాలేదు. కానీ డాక్టరు అటు వెళ్లగానే అన్నయ్య గొట్టం మీది చక్రాన్ని బిగించాడు. చుక్క పడటానికి బద్ధకించింది.

కొన్ని మందుల్ని ప్లాస్టిక్ సీసాయే పీల్చుకుంటుందని చదివాను. దీనికి మాత్రం గొడవంతా లోపలి నీళ్లతోనే. రంగు మారదు, వాసన రాదు. మందు మాత్రం గంటగంటకీ బలం పోగొట్టుకుంటుంది.

నేను చక్రం వదులు చేశాను. అతను మళ్లీ బిగించాడు.

“బాటిల్ అయిపోతే మేనేజరుకేం చూపిస్తాంరా?”

“నీ జ్వరం చూపిద్దాం.”

“జ్వరం ఎవడైనా నటిస్తాడ్రా. మా పనే అది!”

మేనేజరు పొద్దువాలాక వచ్చాడు. అన్నయ్య నుదురు తాకలేదు. బాటిల్ని వేలితో మీటి, “పర్లేదయ్యా, నిజంగానే జ్వరాన పడ్డావు. ఎల్లుండి అదే చొక్కాతో వచ్చెయ్” అన్నాడు. అన్నయ్య సూది ఉన్న చేతితో సహా రెండు చేతులూ జోడించాడు. గొట్టంలోకి నెత్తురు ఎగదన్నింది.

“మా మరిదండీ, లైబ్రరీలో డాక్టరు పుస్తకాలన్నీ చదివేశాడు” అని వదిన నన్ను చూపించింది.

“ఇంకేం మరి, ఇంట్లోనే డాక్టరు!” అన్నాడాయన.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నవ్వినట్టు పెదవులు కదిపాను.

ఆయన వెళ్లాక అన్నయ్య మెడ మీద చెయ్యి వేశాను. పొద్దుటికంటే వేడిగా ఉంది.

“వేషం నిలిచిందిరా” అన్నాడు, సంబరంగా.